రెండో అమోనియం

“అరేయ్ అమోనియం! సారు పోయిండ్రా!”

వెదురు లారీ కిటికీలోంచి ఈ కేక వచ్చినప్పుడు నేను పాల్వంచ బస్టాండు ముందు షిఫ్టు బస్సు కోసం నిలబడి ఉన్నాను. లారీ ఆగలేదు. దుమ్ము రేపుకుంటూ సారపాక వైపు పోయింది. నడుము దాకా బయటికి వంగి చెయ్యి ఊపినవాడు నర్సయ్య. పదో తరగతి దాకా నా పక్క బెంచీ. మా సైన్సు సారు పెట్టిన పేర్లలో వాడు సల్ఫేట్.

పక్కన నిలబడ్డ ఇద్దరు తోటి ఉద్యోగులు నా వైపు తిరిగారు. “అమోనియం ఎవరండీ, మీరేనా?” అని ఒకాయన అడిగాడు. బస్సు వస్తోందేమోనన్నట్టు నేను అటు చూశాను. కానీ నేను పనిచేసేది కరెంటు ప్లాంటులో, నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో. బాయిలర్‌కి పోయే నీళ్లలో రోజూ అమోనియా కలుపుతాం. అలాంటి చోట అలాంటి పేరు ఒకసారి చెవిన పడితే వదులుతారా? సాయంత్రం షిఫ్టు దిగేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ కూడా నవ్వుతున్నాడు.

పదిహేనేళ్లు దాచుకున్న పేరు అది. బడిలో రెండేళ్లు దాన్ని నాకు తగిలించినవారు సారే. పోతూ పోతూ మళ్లీ తగిలించి పోయారు. ఆయన పోయారన్న బాధ కంటే ముందు నాకు వచ్చిన ఆలోచన ఇదే. అబద్ధం ఎందుకు రాయాలి?

సారును తలుచుకుంటే ముందుగా కనపడేది ఆయన అరచెయ్యి. సీసాలో ఉన్నదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడకూడదు, దూరంగా పట్టుకుని అరచేత్తో గాలిని ముక్కు వైపు విసురుకోవాలి అని సైన్సులో ఒక పద్ధతి ఉంది. మిగతా సార్లు దాన్ని ప్రయోగాలకు వాడతారు. ఈయన అన్నిటికీ వాడేవారు. హోటల్లో టీ వస్తే గ్లాసును చేతంత దూరంలో పెట్టి, ఆవిరిని రెండుసార్లు విసురుకుని, అప్పుడు తాగేవారు. టిఫిను డబ్బా మూత తీసి చారు మీద నుంచి విసురుకునేవారు. వాన మొదలైతే వరండాలోకి వచ్చి అడవి వైపు నుంచి విసురుకునేవారు. ఆ చేతి వేళ్ల మీద గోధుమ రంగు మచ్చలుండేవి. సిల్వర్ నైట్రేట్ పడితే అంతే, సబ్బుకు పోదు. ఒక మచ్చ పోయేలోగా ఆయన ఇంకొకటి చేసుకునేవారు.

రెండోది ఆయన కుర్చీ. మా బడి పాల్వంచ నుంచి సారపాక పోయే రోడ్డు మీద, అడవి దగ్గరపడే చోట ఉండేది. పెంకుల కప్పు, కోతులు రాకుండా కిటికీలకు ఇనుప జాలి, క్లాసుకు ఒకే తలుపు. శుక్రవారం చివరి పీరియడు సారుది. కుర్చీ తెచ్చి ఆ తలుపుకు అడ్డంగా వేసుకుని, ఒక కాలు గడప మీదికి చాపి కూర్చునేవారు. ఇక అయాన్లు అప్పచెప్పందే ఎవరూ బయటికి పోవడానికి లేదు.

పుస్తకంలో వాటి పేరు బహుపరమాణుక అయాన్లు. పలకలేక నాలుకలు మెలికలు పడేవి. సారు వాటిని ‘గుంపు అయాన్లు’ చేశారు.

“గంధకం ఒకటి, ఆక్సిజన్ నాలుగు. ఐదుగురు ఒక్క జీపెక్కిన్రు. యాడ దిగినా కలిసే దిగుతరు, ఒక్కొక్కరు దిగరు. అందరి నెత్తిన కలిపి మైనస్ రెండు. ఏంది దాని పేరు?”

“సల్ఫేట్ సార్!”

“ఛార్జి?”

“మైనస్ రెండు సార్!”

ఛార్జి లేకుండా పేరొక్కటే చెబితే ఆయనకు వినపడేది కాదు. “తోక లేని పటం ఎగురుతదార? మళ్ల చెప్పు” అనేవారు.

నేనొకసారి లేచి అడిగాను. “సార్, ఆ నాలుగు ఆక్సిజన్లలో ఒకదానికి మధ్యలోనే దిగిపోవాలని ఉంటే?”

ఆయన నా వైపు తిరిగారు. “గసొంటిది కూడ ఒకటుంటదిర ప్రతి జీపుల. దిగుత దిగుత అంటనే ఊరు దాక వస్తది” అన్నారు. క్లాసంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో, ఎవరు ఎక్కువ నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

పేర్లు పెట్టింది తొమ్మిదో తరగతిలో, వానలు పడ్డ కొత్తలో. అంతకు ముందు వారమే సారు బోర్డు మీద కార్బొనేట్‌కు మైనస్ ఒకటి రాస్తే నేను లేచి, మైనస్ రెండు సార్ అన్నాను. ఆయన చూసుకుని, దిద్ది, “కండ్లు మంచిగున్నయిర నీకు” అన్నారు. ఆ మాటలో మెప్పు ఉందో వాత ఉందో తేల్చుకోలేకపోయాను. తర్వాత జరిగింది చూసి వాతే అని నిర్ధారించుకున్నాను.

బడికి ల్యాబు లేదు. ఒక చెక్క పెట్టె, అందులో పది పన్నెండు సీసాలు. మిగతా సరుకు సారు కిరాణా కొట్లో కొని పొట్లాల్లో తెచ్చేవారు. ఆ రోజు పటిక, మైలతుత్తం చూపించి సల్ఫేట్ అన్నారు. ముగ్గుపిండి మీద నిమ్మకాయ పిండి, బుసబుసమని పొంగగానే కార్బొనేట్ అన్నారు. నిప్పు కణిక మీద చిటికెడు సురేకారం వేస్తే చుర్రుమని మెరిసింది. అది నైట్రేట్. టపాసుల్లో కూరేది ఇదేనని చెప్పగానే మగపిల్లలందరం ఆ పేరు మాకే రావాలనుకున్నాం. చివరికి నవాసారం పొట్లం విప్పారు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు వాడే తెల్ల పలుకులు. వాటిని అరచేతిలో పోసుకుని, తమలపాకుకు రాసే సున్నం కొంచెం కలిపి, బొటనవేలితో నలుపుతూ బెంచీల మధ్య తిరిగారు.

“దగ్గర వెట్టుకోకున్రి. విసురుకోవాలె, విసురుకోవాలె.”

కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక బెంచీ నుంచి ఎవడో అరిచాడు: “బస్టాండు ఉచ్చల దొడ్డి వాసన సార్!”

క్లాసు గొల్లుమంది. సారు నవ్వలేదు. “అవ్, అక్కడ పుట్టేది కూడ గిదే. వాసనొచ్చేది అమోనియా. ఉప్పుల కూసున్నప్పుడు అమోనియం. ప్లస్ ఒకటి. మన చార్టుల ప్లస్ గిదొక్కటే” అన్నారు.

వెంటనే హాజరు పట్టీ తీశారు. “రేపటి సంది నంబర్లుండయి. ఒక్కొక్కరికి ఒక్కొక్క అయాన్. నేను పేరు పిలుస్త, మీరు ఛార్జి చెప్పాలె. పదో తరగతి పరీక్షల దాక గివే మీ పేర్లు.”

ఇరవై ఇద్దరం ఉన్నాం. గోడకు వేలాడే చార్టులో ఇరవై రెండు అయాన్లున్నాయి. చార్టు వరుసను, పట్టీ వరుసను జతచేస్తూ సిరా పెన్నుతో రాయడం మొదలుపెట్టారు. నేను ముందే లెక్కపెట్టుకున్నాను. చార్టులో పదకొండోది అమోనియం, పన్నెండోది నైట్రేట్. నా నంబరు పన్నెండు. టపాసు నాదే. లోపల్లోపల అప్పుడే పేలుతున్నాను.

పదో నంబరు దాకా వరుస ప్రకారమే వచ్చింది. పదకొండు దగ్గర పెన్ను ఆగింది. సారు తలెత్తి క్లాసును చూశారు. మళ్లీ తల దించారు.

“పదకొండు, సుగుణ. నైట్రేట్.”

తర్వాత నా పేరు చదివి అన్నారు: “పన్నెండు. అమోనియం.”

నా వెనక బెంచీలు రెండూ ఒకేసారి ముక్కులు మూసుకున్నాయి.

సుగుణ అన్నది ఆమె అసలు పేరు కాదు. ఇదంతా రాయాలనుకున్నప్పుడు ఆమెకు పోస్టుకార్డు వేసి అడిగాను. ‘పేరు మార్చి రాసుకో అన్నా’ అని జవాబు వచ్చింది. మార్చాను. ఒక మనిషిని అడగడానికి ఒక కార్డు చాలు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో చివర్లో తెలుస్తుంది.

మర్నాడు హాజరు. “అమోనియం.” నేను పలకలేదు. “అమోనియం.” పలకలేదు. సారు తల ఎత్తకుండానే, “రాలేదా? ఆబ్సెంట్” అని గీత గీశారు. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. మూడు రోజులు నేను బెంచీ మీద కూర్చునే బడికి రానివాణ్ని అయ్యాను. నాలుగో రోజు పొద్దున మా నాన్న చెవిన పడింది. ఆయన కోస్తా నుంచి వచ్చి ఆ అడవి అంచున మిర్చి వేసుకుంటున్న రైతు, మాటకంటే చెయ్యి ముందు లేచే మనిషి. ఆ రోజు “అమోనియం” అని వినపడగానే లేచి, “ప్లస్ ఒకటి సార్” అన్నాను. కూర్చున్నాక అర్థమైంది, ఇక బయటపడే దారి లేదని.

అయినా ఊరుకోలేదు. అర్జీ రాశాను. చార్టులో పదకొండోది ఏది, పట్టీలో పదకొండో నంబరు ఎవరు, పన్నెండోది ఏది, పన్నెండో నంబరు ఎవరు, అన్నీ విడమరిచి, పొరపాటు దిద్దవలసిందిగా ప్రార్థన అని ముగించాను. సారు ఆ కాగితాన్ని చేతంత దూరంలో పట్టుకుని, అరచేత్తో రెండుసార్లు ముక్కు వైపు విసురుకున్నారు.

“ఏం వాసన సార్?” అన్నాడు నర్సయ్య.

“సిరా వాసన. ఇంక ఆరలే” అని జేబులో పెట్టుకున్నారు. అంతే. ఆ అర్జీకి జవాబు ఈనాటికీ రాలేదు.

రెండో అర్జీ హెడ్మాస్టరుకు ఇచ్చాను. ఆయన మంచివాడు, గొడవలంటే భయం. సారును పిలిపించారు. నేను గోడ పక్కన నిలబడ్డాను.

“ఏందండీ, వరుస తప్పిందంటుండు పిల్లగాడు?”

“అవ్ సార్. తప్పింది. నేనే తప్పిన.”

హెడ్మాస్టరు ఊపిరి తీసుకున్నారు. “మరింకేంది, మార్చున్రి. ఆ పిల్లను గూడ పిలుస్త, ఇద్దరు మార్చుకుంటరు, అయిపాయె.”

“ఆ పిల్లను పిలవకున్రి సార్” అన్నారు సారు. అంత గట్టిగా ఆయన మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు. తర్వాత గొంతు తగ్గించి, “సిరాతోని రాసిన. మార్చను” అన్నారు.

హెడ్మాస్టరు ఆయన్ని చూశారు, నన్ను చూశారు, బల్ల మీదున్న గంట కర్రను సర్దారు. “పోర పో, పేర్లదేముంది, చదువుకో” అన్నారు.

తప్పు చేసి ఒప్పుకోనివాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లతో ఎలా కొట్లాడాలో నాకు తెలుసు. తప్పు ఒప్పుకుని, దిద్దను అన్నవాణ్ని జీవితంలో ఒక్కరినే చూశాను. ఆ మనిషి ముందు నా దగ్గర ఏ ఆయుధమూ పనిచేయలేదు.

ఇక శుక్రవారాలు. తలుపుకు అడ్డంగా కుర్చీ, గడప మీద కాలు. మొదటివాడు తన అయాన్, ఛార్జి చెప్పాలి. రెండోవాడు మొదటివాడిదీ తనదీ చెప్పాలి. అలా ఇరవై రెండోవాడు మొత్తం చెప్పాలి. ఎవరు తప్పినా మళ్లీ మొదటికి. ఎక్కాల్లాగా రాగం తీసి చెప్పేవాళ్లం. హైడ్రాక్సైడు మైనస్ ఒకటి, కార్బొనేటు మైనస్ రెండు, ఫాస్ఫేటు మైనస్ మూడు. నాలుగున్నరకు బడి గంట కొట్టేది. ఐదింటికి మా ఊరి వైపు పోయే ఆఖరి బస్సు. కిటికీ జాలిలోంచి రోడ్డు కనపడేది. బస్సు మలుపు తిరిగే హారన్ ముందు వినపడేది, తర్వాత బస్సు వచ్చేది.

నేను ఎన్నడూ తప్పలేదు. తప్పేది నా తర్వాతివాళ్లు. నా పేరు దగ్గరికి రాగానే ఎవడో ఒకడు ముక్కు పట్టుకుని “అమోనియం” అనేవాడు. సారు కళ్లు మూసుకుని వింటున్నా ఆ ముక్కు గొంతు పసిగట్టేవారు.

“మళ్ల మొదటికెళ్లి.”

“సార్, కరెక్టే చెప్పిన గద సార్!”

“ముక్కుతోని చెప్పినవ్. నోటితోని చెప్పు. మొదటికెళ్లి.”

అలా నాలుగు శుక్రవారాలు జరిగాక ముక్కులు పట్టుకోవడం మానేశారు. అది నా కోసమే చేశారని ఇప్పుడు ఎవరైనా అనవచ్చు. కానీ ముక్కు పట్టుకున్నవాళ్లు ఆ ఊరివాళ్లే. నడిచి ఇంటికి పోతారు. బస్సు తప్పిపోయేది నాకు.

నాలుగో శుక్రవారం బస్సు నా కళ్ల ముందే పోయింది. జాలి పట్టుకుని నిలబడ్డాను. సారు కుర్చీ తీసి, నా సంచి తీసుకుని సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకున్నారు. వెనక ఎక్కమన్నారు. ఎనిమిది మైళ్లు. రెండు వైపులా అడవి, మబ్బు పట్టి చీకటిగా ఉంది. ఎత్తు వచ్చినచోట దిగి నెట్టుకుంటూ నడిచారు. మా ఊరి అడ్డరోడ్డు దగ్గర ఆగి, నా సంచి ఇచ్చారు.

“సార్, తప్పని మీరే అన్నారు. ఎందుకు మార్చరు?” అని అడిగాను.

ఆయన సైకిల్ తిప్పుకున్నారు. “పెద్దగైనంక అడుగు, చెప్త” అన్నారు. 

నేను పెద్దవాణ్నయ్యాను. అడగలేదు. ఆయనే పిలిచి చెప్పాలని నా పట్టుదల. తల్లాడ దగ్గర సొంతూళ్లో ఇల్లు కట్టుకున్నారని విన్నాను, రిటైరయ్యారని విన్నాను. ఆ దారిన బస్సులో ఎన్నిసార్లు పోయానో. ఒక్కసారీ దిగలేదు.

ఇంకొక్క సంగతి రాయకపోతే అన్యాయం నా వైపున ఉంటుంది. పదో తరగతిలో ఇన్‌స్పెక్షన్ వచ్చింది. వచ్చిన ఆఫీసరు ముందు సారు మా చేత ఫార్ములాలు కట్టించారు. ఛార్జీలు సరిపోయేటట్టు పిల్లలు లేచి వచ్చి చేతులు పట్టుకుని నిలబడాలి. నేను, సుగుణ ఒకరికొకరం ఎదురుగా నిలబడితే అమోనియం నైట్రేట్ అయింది. ఆమె నా చెయ్యి పట్టుకుంది కానీ ముఖం చూడలేదు. క్లాసులో నన్ను ఆ పేరుతో పిలవనిది ఆమె ఒక్కతే. నాతో మాట్లాడనిదీ ఆమె ఒక్కతే. టపాసు గర్వం అనుకున్నాను.

తర్వాత ఆఫీసరు, “అమోనియం సల్ఫేట్ కట్టించండి, ఎరువు కదా” అన్నాడు. నర్సయ్య రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. నేను ఒక చెయ్యి పట్టుకున్నాను. రెండో చెయ్యి గాలిలో ఉంది.

“ఒక్కడు చాలడు” అన్నారు సారు. “ఇంకో అమోనియం గావాలె. ఎవరొస్తరు?”

ఎవరూ రాలేదు. బెంచీలన్నీ వెనక్కి జరిగినట్టనిపించింది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. ఒక్కడు చాలడు అన్న మాట నా నెత్తిన అలాగే నిలబడి ఉంది. అప్పుడు సారు చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని వచ్చి, నర్సయ్య రెండో చెయ్యి పట్టుకున్నారు. తన ఇంకో చేత్తో, లెక్క ప్రకారం అవసరం లేకపోయినా, నా చెయ్యి పట్టుకున్నారు. మచ్చల చెయ్యి. సున్నం రాలిన గోడలా గరుకుగా ఉంది.

“రెండో అమోనియం నేను సార్” అని ఆఫీసరుతో అన్నారు.

ఆ రోజు నుంచి పిల్లలు చాటున ఆయన్ని పెద్దమోనియం అనేవారు. అది ఆయనకు తెలుసు. నాతో వేళాకోళమాడటానికే వచ్చి నిలబడ్డారని నేను కొన్నేళ్లు నమ్మాను.

పెద్దకర్మకు తల్లాడ బస్సెక్కాను. ఎందుకు పోతున్నావని నా భార్య అడిగితే, చెప్పాల్సింది చెప్పకుండా పోయాడు, అందుకు అన్నాను. ఇంటి ముందు షామియానా వేశారు. సారు ఫొటోకు దండ వేసి కుర్చీలో పెట్టారు. ఆ కుర్చీ తలుపుకు అడ్డంగా లేదు, అదొక్కటే తేడా. మా క్లాసువాళ్లు ఐదారుగురు వచ్చారు.

ఫొటో పక్కన నిలబడ్డ ఒక ఆమె నా వైపు వచ్చింది. ఆరేడేళ్ల పాప ఆమె కొంగు పట్టుకుని ఉంది.

“బాగున్నవా అన్నా? నేను సుగుణను. భద్రాచలం దవాఖానల నర్సుగా చేస్తున్న.”

“నైట్రేట్” అన్నాను. నా నోరు ఊరుకోదు.

ఆమె నవ్వలేదు. “గది నీదే అన్నా. నాది పదకొండో నంబరు.”

పదిహేనేళ్లుగా నేను ఒక్కణ్నే మోస్తున్నాననుకున్న లెక్క ఆమె నోట వచ్చింది.

“మా అమ్మ బస్టాండుల మూత్రశాల కడిగేదన్నా” అంది, పాపకు వినపడకుండా. “నేను పిన్ని ఇంట్ల ఉండి చదువుకున్న. బడిల ఎవ్వరికి తెల్వదు. స్కాలర్‌షిప్ కాయితం నింపినప్పుడు సారుకొక్కరికే తెల్సింది. ఆ రోజు వెనక బెంచోడు బస్టాండు వాసన అన్నడు సూడు, నేను అప్పుడే పుస్తకాలు సంచిల వెట్టుకున్న. చార్టు నేను గూడ లెక్కవెట్టిన. పదకొండోది నాదే. గా పేరు పిలిచిన్రంటే రేపటి సంది రావొద్దనుకున్న.”

“అయితే?”

“సారు నన్ను చూసిన్రు. తర్వాత నిన్ను చూసిన్రు. తర్వాత రాసిన్రు.”

షామియానా గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. 

“పరీక్షలైనంక పోయి అడిగిన, ఆ అన్నకు చెప్పనా సార్ అని. వద్దన్నరు. ‘వాడు కొట్లాడ్తడు, గాని బడి మానడు. వాళ్ల నాయినకు చేనుంది. నువ్వు కొట్లాడవు, మానేస్తవు. గందుకే గట్ల రాసిన’ అన్నరు.”

ఆయన నన్ను చూసిన ఆ ఒక్క క్షణం గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాను. గుర్తు రాలేదు. అప్పుడు నేను టపాసు కోసం చార్టు చూస్తున్నాను.

“నన్ను అడగాల్సింది” అన్నాను.

“అడిగితే ఒప్పుకునేటోనివా?”

ఆమె ఎగతాళిగా అడగలేదు. నిజంగానే అడిగింది. కాబట్టి నేనూ నిజమే చెప్పాను. “లేదు.”

సారు నన్ను సరిగ్గానే తూచారు. అది కూడా నాకు కోపంగానే ఉంది. ఒక పిల్ల బరువును ఇంకో పిల్లవాడి నెత్తికి మార్చి, ఆ పిల్లవాడికి ఎందుకో చెప్పకుండా రెండేళ్లు రోజూ హాజరు పిలిచారు. చేసింది మంచిపనే. నా ఫిర్యాదు పని మీద కాదు, నన్ను అడగకపోవడం మీద. ఆ ఫిర్యాదును నేను వెనక్కి తీసుకోలేదు, తీసుకోను.

అప్పుడే భోజనాల వరుసలో ఆకుల ముందు కూర్చున్న నర్సయ్య కేకేశాడు. “అరేయ్ అమోనియం! జాగ ఆపిన, ఇటు రా!”

మా క్లాసువాళ్లు నవ్వారు. ఒకడు ముక్కు పట్టుకున్నాడు కూడా, ముప్పై దాటిన వయసులో. వాడి పెళ్లాం, “ఎందుకట్ల పిలుస్తరు?” అని అడుగుతోంది.

సుగుణ ముఖం ఎర్రబడింది. “ఇయ్యాల చెప్తన్నా అందరికి. మా అమ్మ పోయింది, నాకు నౌకరుంది. ఇగ నాకేం భయం?” అని ఒక అడుగు వేసి ఆగింది. కొంగు పట్టుకున్న పాప కూడా ఆమెతో పాటు ఒక అడుగు వేసి ఆగింది. సుగుణ నా వైపు తిరిగింది.

“చెప్పనా?”

ఒక్క మాట. ఆమె పోయి ఆ వరుస ముందు నిలబడి రెండు ముక్కలు చెబితే చాలు, ఆ పేరు నన్ను వదిలిపోతుంది. రెండు అర్జీలకు, మూడు ఆబ్సెంట్లకు, తప్పిపోయిన బస్సులకు జవాబు దొరుకుతుంది. ఆ పాప మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. నన్ను ఈ సంగతిలో ఒక మనిషి అడగడం ఇదే మొదటిసారి.

“వద్దులే” అన్నాను.

నర్సయ్య మళ్లీ పిలిచాడు. ఈసారి సారు గొంతు పెట్టి, తల దించి, పట్టీ చూస్తున్నట్టు నటిస్తూ.

“అమోనియం.”

“ప్లస్ ఒకటి” అని, పోయి వాడి పక్కన కూర్చున్నాను.